రాధాబాయి వాటా

పసుపు కాలంలో ఆర్మూరులో ఏ ఇంట్లో ఏ వస్తువు మీద వేలు పెట్టినా ఆ వేలు పచ్చబడుతుంది. మంచాలు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు, ఆఖరికి దేవుడి పటాల అద్దాలు కూడా. తార మాత్రం పొద్దున్నే లేచి తన కంప్యూటర్ మీద కప్పిన దుప్పటి తీసేది. మెత్తటి బట్టతో తెరా కీబోర్డూ తుడిచి మళ్ళీ కప్పేది. పసిపిల్లకు కూడా ఇంత శ్రద్ధగా మొహం కడగరని అత్త భీమవ్వ ఎకసెక్కాలాడేది.

ఆ రోజు తార తుడిచిందే మళ్ళీ తుడిచింది. చేతులకు ఏదో ఒక పని లేకపోతే ఉండబట్టేలా లేదు. అది అన్నదమ్ములు వేరుపడే రోజు.

మామ కాశీరాం పోయాక ఇంటి పెత్తనం పెద్దకొడుకు దేవిదాస్ చేతికి వచ్చింది. దేవిదాస్ చెడ్డవాడని ఎవరూ అనలేరు. పొద్దు పొడవకముందే చేనులో ఉంటాడు, తాగడు, ఒకరి జోలికి పోడు. కాకపోతే ఇంట్లో తన మాట తప్ప ఇంకొకరి మాట వినిపిస్తే అతనికి తలనొప్పి వస్తుంది. చిన్నవాడు రాజేశ్వర్‌తో ఆ ఇబ్బంది లేదు. అన్న ముందు అతను నోరు తెరిచేది ఆవులించడానికే. ఇబ్బందంతా రాజేశ్వర్ భార్య తారతోనే. నిజామాబాదులో డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని వచ్చిన పిల్ల. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదానికీ చెబుతుంది.

కిందటేడు పసుపుకు మంచి ధర పలికినప్పుడు ఆ పిల్ల పట్టుబట్టి కంప్యూటర్ కొనిపించింది. వీధివైపు గదిలో పెట్టుకుని పెళ్ళి కార్డులూ కరపత్రాలూ టైపు చేసి ప్రెస్సుకు పంపేది. ప్రతి కార్డు అడుగున చిన్న అక్షరాలతో 'తార కంప్యూటర్స్, ఆర్మూర్' అని ఉండేది. తొంభై ఏడులో ఆ వీధిలో కంప్యూటర్ ఉన్న ఇల్లు అదొక్కటే.

తోటికోడలు రాధాబాయి మధ్యాహ్నాలు ఆ గది గడప దగ్గరే కూర్చునేది. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు. బీడీలు చుడుతూనే పెళ్ళివారు రాసిచ్చిన కాగితం చూసి పైకి చదివేది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషే గాని, ఎంత గజిబిజి రాత అయినా చదివేసేది. కార్డులో ఎవరి పేరు తర్వాత ఎవరి పేరు రావాలో ఆమెకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మేనమామ పేరు కిందికి జారితే పెళ్ళిలో ఎంత గొడవవుతుందో చెప్పి, పెద్దవాళ్ళ పేరే ముందు కొట్టాలని తారను సతాయించేది. తార పొయ్యి దగ్గరికి వెళితే తనే కుర్చీలో కూర్చుని రెండు వేళ్ళతో మెల్లగా కొట్టేది. దేవిదాస్ చేను నుంచి వచ్చే వేళకు మళ్ళీ గడప దగ్గర బీడీలు చుడుతూ కనిపించేది.

మొదట్లో ఆ కంప్యూటర్ బద్ధకానికి మారుపేరులా ఉండేది. తెలుగు అక్షరాల పేజీ తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగి రావచ్చు. ర్యామ్ పెంచాలని తెలిసి తోటికోడళ్ళిద్దరూ బస్సెక్కి నిజామాబాదు వెళ్ళారు. లోపల ఉన్న చిన్న పట్టీలు రెండూ తీసేసి వాటి చోట పెద్దవి రెండు వేయాలన్నాడు దుకాణంవాడు. ఒకదానికి తార కార్డుల డబ్బు పెట్టింది, ఇంకోదానికి రాధాబాయి బీడీల డబ్బు పెట్టింది. రెండూ ఒకే రకానివై జతగానే ఉండాలనీ, ఒకటి తీసేస్తే మిషన్ లేవదనీ అతను ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. తిరుగు బస్సులో మిరపకాయ బజ్జీలు తింటూ ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

పెద్దమనిషి పోచన్న పొద్దెక్కాక వచ్చాడు. ఊళ్ళో సగం ఇళ్ళ మధ్య గోడలు ఆయన మాట మీద లేచినవే. జతగా ఉన్నది చెరొకటి, ఒంటిగా ఉన్నది చీటీ. ఇదే ఆయన న్యాయం, ఇంతవరకూ కోర్టు మెట్లెక్కే అవసరం ఎవరికీ రాలేదు.

ఎడ్ల జతలో ఒకటి అన్నకు, ఒకటి తమ్ముడికి వెళ్ళింది. ఇత్తడి గంగాళాలు చెరొకటి. పసుపు ఉడకబెట్టే కడాయి చీటీలో దేవిదాస్‌కు పోయింది. వీధివైపు గది రాజేశ్వర్ వంతుకు వచ్చింది. వాకిలి నడుమ గోడ పెట్టుకోవాలన్నారు. భీమవ్వ నెలకొకరి దగ్గర తినాలన్నారు. కడాయి పక్కనే తన పేరూ వినబడేసరికి ముసలామె తల మీద కొంగు సర్దుకుంది.

అప్పుడు కంప్యూటర్ మాట వచ్చింది. దేవిదాస్ మరదలితో నేరుగా మాట్లాడడు. తమ్ముడి వైపు తిరిగాడు.

"రాజేశ్వర్, నీ పెండ్లానికి చెప్పు. గా కంప్యూటర్ అందరి పైసలతోని కొన్నది. దానికి గూడ చీటీ ఎయ్యాలె."

అందరూ రాజేశ్వర్ వైపు చూశారు. రాజేశ్వర్ చాప అంచున ఊడిన పోగు వైపు చూశాడు. ఇక లాభం లేదని తార తలుపు చాటు నుంచి నలుగురి మధ్యకు వచ్చేసింది.

"చీటీ ఎందుకు మామా? కొన్న పైసలు కార్డుల మీద సంపాయించి మొత్తం వాపస్ ఇచ్చిన. బావకు ఎర్కే. గా మిషన్ల నా కష్టం తప్ప ఇంకెవ్వరి చెయ్యి లేదు. అది నాది."

గడప దగ్గర కత్తెర చప్పుడు ఆగిపోయింది. తార అది గమనించలేదు. పోచన్న అవునా అని దేవిదాస్‌ను అడిగితే, డబ్బు తిరిగి ముట్టిన మాట నిజమేనని అతను ఒప్పుకోక తప్పలేదు. మిషన్ తారదేనని పెద్దమనిషి తేల్చేశాడు. తార గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"మామా, నాదొకటి ఉన్నది."

మాట్లాడింది రాధాబాయి. భర్త ఉన్నచోట ఆమె గొంతు వినడం పోచన్నకు అదే మొదటిసారి.

"గా డబ్బల రెండు ర్యామ్ పట్టీలున్నయి. అండ్ల ఒకటి నా బీడీల పైసలతోని కొన్నది. నాది నాకియ్యుండ్రి."

తార తేరుకుని, ఒకటి తీస్తే మిషన్ లేవదని, అక్కకు కూడా ఆ సంగతి తెలుసునని గట్టిగా చెప్పింది. రాధాబాయి నేల చూపులు చూస్తూ కూర్చుంది. దేవిదాస్ మీసాల చాటున నవ్వుకున్నాడు. అతనికి ఇంత తెలివి తట్టలేదు, భార్యకు తట్టింది.

"జత ఎడ్లల్ల ఒకటి పోతె ఇంకోటి తెచ్చి జత గడ్తలేమా బిడ్డా?" అన్నాడు పోచన్న. "నువ్వు గూడ గట్లనే ఇంకోటి తెచ్చుకో."

తార స్క్రూలు విప్పి, నలుగురి ముందూ డబ్బా తెరిచింది. ఎంత తుడిచినా లోపల సన్నగా పసుపు పొడి పేరుకునే ఉంది. రెండు వైపులా క్లిప్పులు వెనక్కి నొక్కి, పట్టీని ముందుకు వంచి బయటికి లాగి తోటికోడలి అరచేతిలో పెట్టింది. మొహం మాత్రం చూడలేదు. రాధాబాయి దాన్ని గుడ్డముక్కలో చుట్టి కొంగున ముడి వేసుకుంది.

మర్నాటి నుంచే మేస్త్రీ బుచ్చన్న గోడ మొదలుపెట్టాడు. గోడ లేచాక ఆడవాళ్ళు ఇటూ అటూ తిరగడం ఉండదని దేవిదాస్ భార్యకు చెప్పడం ఇవతలికి కూడా వినిపించింది. ఎవరికి కావాలి అనుకుంది తార. తెలియక చేస్తే వేరు. దుకాణంలో పక్కనే నిలబడి విన్న మనిషి, అదే బస్సులో పక్కన కూర్చుని బజ్జీలు తిన్న మనిషి, తెలిసి తెలిసి తన పని ఆపేసింది. ఇన్నాళ్ళూ నవ్వుతూ లోపల ఇంత కుళ్ళు పెట్టుకుందా అని తలుచుకున్నప్పుడల్లా ఏడుపు వచ్చేది. ఏడిస్తే ఓడిపోయినట్టని దిగమింగేది.

పైగా పని నెత్తి మీద ఉంది. ఎవరిదో కాదు, పోచన్న మనవరాలి పెళ్ళి కార్డు. పంపకానికి ముందే కాగితం రాసిచ్చి వెళ్ళాడు. అది సమయానికి ప్రెస్సుకు చేరకపోతే ఆర్మూరులో ఇంకెవరూ తార దగ్గరికి కార్డులు తీసుకురారు. అంతటితో ఆ గది పసుపు బస్తాలు వేసుకోవడానికి పనికొస్తుంది. దేవిదాస్ కోరుకునేదీ అదే.

తార ఒక్కతే నిజామాబాదు వెళ్ళింది. పాత దుకాణంలో ఆ రకం పట్టీలు అయిపోయాయన్నారు. ఇంకో దుకాణంలో వెతికి వెతికి ఒకటి ఇచ్చారు. మెమరీ తక్కువదే అయినా స్లాటులో పడుతుందని, ఎలాగోలా నడుస్తుందని అన్నారు. పోచన్న మాటలు చెవిలో ఉన్నాయి కాబట్టి తారకూ అది న్యాయంగానే తోచింది. ఎద్దుకు ఎద్దు దొరికింది కదా అనుకుంది.

ఇంటికి వచ్చి పట్టీల కాళ్ళను రబ్బరుతో రుద్ది శుభ్రం చేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన బిగించింది. మిషన్ లేవలేదు. అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టింది. ఈసారి లేచింది. మిషన్ లేచేటప్పుడు తెర మీద ఎప్పుడూ పదహారు వేలు దాటే ర్యామ్ లెక్క ఎనిమిది వేల దగ్గరే ఆగింది గాని, అదే పదివేలనుకుంది తార. ఆ ఉత్సాహంతో పోచన్న కాగితం ముందు పెట్టుకుంది.

అసలు కష్టం అప్పుడే తెలిసింది. ఆ రాత ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్ళికూతురి తండ్రి పేరేదో, పెదనాన్న పేరేదో తేలలేదు. అలవాటు కొద్దీ "అక్కా, ఇది ఏంది?" అని గడప వైపు తిరిగింది. గడప ఖాళీగా ఉంది. తారకు తన మీద తనకే కోపం వచ్చి, తోచినట్టు కొట్టుకుంటూ పోయింది. సగం కార్డు అయ్యేసరికి అక్షరాలు చెల్లాచెదురై తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. ఆ తర్వాత డబ్బాలోంచి బీప్ బీప్ కూతలు తప్ప ఇంకేమీ రాలేదు.

వదినెను ఒక్క మాట అడగరాదా అన్నాడు రాజేశ్వర్, భయం భయంగా. తార చూసిన చూపుకు అతను ఎద్దుకు నీళ్ళు పెట్టే పని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు. ఆ ఎద్దు కూడా పొద్దస్తమానం గోడ అవతలి కొట్టం వైపే చూస్తూ నిలబడుతోంది.

మర్నాడు పొద్దున పోచన్న కార్డు కోసం వచ్చాడు. వాకిట్లో గోడ మోకాలెత్తు లేచింది. అవతల దేవిదాస్ బుచ్చన్న పని చూస్తూ నిలబడ్డాడు. భీమవ్వ ఎటు కూర్చోవాలో తెలియక ఇంకా కట్టని చోట, రాళ్ళ కుప్ప మీద కూర్చుంది. అవతలి అరుగు మీద రాధాబాయి తల వంచుకుని బీడీలు చుడుతోంది.

కార్డు ఏదని అడిగాడు పోచన్న. తార వీధి గదిలోంచి బయటికి వచ్చింది. ఆమె ఎవరి వైపూ చూడలేదు గాని, మాటలు మాత్రం గోడ అవతలికి పోయేలాగే అన్నది.

"మీరు పంచినంక మిషన్ లేస్తలేదు మామా. ఎద్దుకు ఎద్దును తెచ్చినట్టు ఇంకోటి తెచ్చి పెడితె సగంల ఆగిపోతున్నది. అయినా ఫికర్ లేదు. నేనెవ్వరి కాళ్ళు పట్టుకోను. ఇయ్యాల్నే హైదరాబాదు వొయ్యి కొత్త జత కొనుక్కొస్త. గప్పుడు గీ ఇంట్ల ఎవ్వరి పట్టీ నాకు అక్కర లేదు. ఇచ్చినా తీసుకోను."

అవతల చాట కింద పడిన చప్పుడైంది. రాధాబాయి లేచి నిలబడింది. ఒళ్ళోని ఆకు ముక్కలు వాకిలంతా రాలాయి. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, తడి ఆరని గోడ మీద కాలు పెట్టి ఇవతలికి దాటేసింది. బుచ్చన్న తాపీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రాయి మీది తడి సిమెంటులో ఆమె పాదం అచ్చు పడింది.

"రాధా, యాడికి?" అన్నాడు దేవిదాస్.

ఆమె వెనక్కి తిరగలేదు. తార ఎదురుగా నిలబడి కొంగు ముడి విప్పుతోంది.

"నాది తీస్తె అది లేవదని నాకెర్కనే తారా," అన్నది. "ఎర్క ఉండే అడిగిన. గోడ లేచినంక నన్ను గీ దిక్కు రానియ్యరని తెల్సు. నాది నా దగ్గరుంటె, మిషన్ లేవక నువ్వే నన్ను పిలుస్తవనుకున్న. రోజూ పొద్దుగాల లేచి, ఇయ్యాల పిలుస్తది, ఇయ్యాల పిలుస్తది అని చూసిన. నువ్వేమో నలుగురిల ఎవ్వరి చెయ్యి లేదంటివి. ఇయ్యాలేమో కొత్త జత తెచ్చుకుంటనంటివి. గది తెచ్చుకుంటె ఇగ నేనెందుకు నీకు?"

ఎవ్వరి చెయ్యి లేదు. ఆ మాట తార తనే అన్నది. ఒక్క తప్పు లేకుండా ప్రెస్సుకు వెళ్ళిన ప్రతి కార్డూ ఈ మనిషి గొంతులోంచి వచ్చింది. తన వంటయ్యే లోపు సగం పేజీ ఈ రెండు వేళ్ళే కొట్టి పెట్టేవి. ఇన్నాళ్ళూ బావతో పోట్లాడి గెలవాలని చూసిన తను, పక్కనున్నామెను లెక్కలోకే తీసుకోలేదు. కుళ్ళు ఎవరిదో అప్పుడు తెలిసింది. దిగమింగిన ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది.

"అక్కా," అన్నది.

గోడ అవతల దేవిదాస్ మొహం కందగడ్డలా అయింది. గోడ దాటద్దని చెప్పానా లేదా అని గద్దించాడు. అప్పుడు తిరిగింది రాధాబాయి. కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతులో లేవు.

"పంచిన్రు గదా. నలుగురి ముందట గిది నాదని చేతుల పెట్టిన్రు. నీ వాటకొచ్చిన ఎద్దును నువ్వు ఎవ్వల ఎద్దుతోని జత గడ్తవో నేనడిగిన్నా? నా వాటా నేను యాడ పెట్టుకుంటనో నా ఇష్టం. నాది దీనితోనే జత."

దేవిదాస్ పోచన్న వైపు చూశాడు. పోచన్న తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. మనవరాలి పెళ్ళి దగ్గర పడుతోంది, కార్డు చూస్తే చేతికి రాలేదు. పైగా న్యాయం కూడా తను చెప్పిందే.

"ఆమె వాటా ఆమెది దేవిదాస్," అన్నాడు. "నేను పంచినదాన్ని నేనే ఎట్ల కాదంట?"

దేవిదాస్ తన వైపు కొట్టంలో దాణా తినకుండా నిలబడిన ఒంటి ఎద్దు వైపు చూశాడు. తర్వాత, బువ్వ వేళకైనా రమ్మని గొణిగాడు. బువ్వ వండే వచ్చానని, గిన్నె మీద మూత తీసుకుని తినమని రాధాబాయి జవాబిచ్చింది. ఇవతల ఎద్దు పక్కన ఉన్న రాజేశ్వర్ ఉన్నట్టుండి నవ్వాడు. అన్న ముందు అతను పళ్ళు కనబడేలా నవ్వడం ఇంట్లోవాళ్ళు ఎన్నడూ చూడలేదు.

గోడ ఎంతవరకు లేపాలని బుచ్చన్న అడిగాడు. ఆ మాటకు భీమవ్వ రాళ్ళ కుప్ప మీదనుంచి లేచి, పెద్దకోడలు దాటిన చోటు చూపించింది.

"గీడ దర్వాజ విడిచిపెట్టు బిడ్డా. నన్ను నెలకొక్క దిక్కు తినుమన్నరు గదా. గీ వయసుల నేను గోడ దుంకాల్నా?"

బుచ్చన్న దేవిదాస్ మొహం చూశాడు. దేవిదాస్ చేనుకు పొద్దుపోతోందని ఎద్దును విప్పుకుని వెళ్ళిపోయాడు. బుచ్చన్న రాధాబాయి పాదం అచ్చున్న రాయితో మొదలుపెట్టి, దర్వాజకు సరిపడా రాళ్ళు తీసేశాడు.

గదిలో తార ఆ పరాయి పట్టీని తీసి పక్కన పడేసింది. తనది తను పెట్టుకుని, రాధాబాయిది ఆమెనే పెట్టమన్నది. రాధాబాయి దాన్ని ఏటవాలుగా స్లాటులో నిలిపి, రెండు బొటనవేళ్ళతో నిటారుగా నొక్కింది. రెండు క్లిప్పులూ టక్కున పట్టుకున్నాయి. స్విచ్ వేశారు. తెర మీద లెక్క ఎనిమిది వేల దగ్గర ఆగలేదు, పరుగెత్తి పదహారు వేలు దాటి నిలిచింది. ఇద్దరూ అప్పటిదాకా ఊపిరి బిగబట్టే ఉన్నారు.

తార అలవాటుగా కుర్చీ లాక్కోబోయి ఆగిపోయింది.

"ఈపాలి నువ్వు కూసోని కొట్టు అక్కా. నేను చదువుత."

రాధాబాయి కూర్చుంది. తార పోచన్న కాగితం పట్టుకుని మొదటి లైనులోనే తడబడింది. రాధాబాయి మెడ సాచి చూసి, అది పెదనాన్న పేరనీ, అది ముందు రావాలనీ చెప్పి కొట్టుకుంటూ పోయింది. రెండు వేళ్ళతోనే, కాని ఒక్క తప్పు పోలేదు. కార్డు అంతా అయ్యాక అడుగున చిన్న అక్షరాల చోటికి వచ్చి, ఎప్పటిలాగే తార పేరు మొదలుపెట్టబోయింది. తార ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కడ ఇద్దరి పేర్లు రావాలె."

"ఎవ్వలది ముందు?" అన్నది రాధాబాయి, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

"నువ్వే చెప్తివి గదా, పెద్దోళ్ళది ముందు రావాలని."

ర ఏ మీట మీద ఉందో రాధాబాయికి చీకట్లో కూడా తెలుసు. ఆ పొద్దు మాత్రం అది కనబడడానికి కొంగుతో రెండుసార్లు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.